చావింట్లో వచ్చిన నవ్వుని నవలగా రాయొచ్చా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి దగ్గర ఒక పల్లెటూరు. భీమవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. ఆమధ్య మా మావయ్య, అంటే అమ్మకి సొంత అన్నయ్య, పోయారు. పెద్దకొడుకు అమెరికా నుంచి రావాలని ఫ్రీజర్ బాక్స్ తెప్పించి ఉంచాం. రెండో రాత్రి గాలివానకి కరెంటు పోయింది. అందుబాటులో ఉన్న జనరేటర్ ఒక్కటే, అది మావయ్య రొయ్యల చెరువు దగ్గరది. ఇంటికి తెస్తే చెరువులో నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయి తెల్లారేసరికి రొయ్య పోతుంది, అక్కడే ఉంచితే ఇక్కడ బాక్స్ ఆగిపోతుంది. దీని మీద అర్ధరాత్రి వాకిట్లో మగవాళ్ళంతా గొంతు తగ్గించి చర్చ పెట్టారు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత అంత్యక్రియలు డ్రోన్ పెట్టి లైవ్ ఇచ్చారు. బ్యాంకు నుంచి ఫోన్ చేసి, ఖాతా ఆగిపోయింది, ఆయన్నే స్వయంగా వచ్చి వేలిముద్ర వేయమన్నారు. ఇదంతా నవలగా మొదలుపెట్టి 40 పేజీలు రాశాను. అమ్మ చదివి "మా అన్నయ్యని నలుగురిలో నవ్వులపాలు చేస్తావటే" అని నాతో మాట్లాడటం మానేసింది. నాకు కూడా రాసేకొద్దీ చప్పబడిపోతున్నట్టుంది. చావు మీద హాస్యం రాయడం తప్పా? ఊళ్ళో వాళ్ళు గుర్తుపడితే ఎలా? ఇలాంటి నవలలు ఏవి చదవమంటారు?

సమాధానం: సూటిగా చెప్పేస్తానమ్మా, రాయండి, ఆపకండి. కానీ మీ అమ్మగారి కోపాన్ని పాతకాలపు చాదస్తం కింద కొట్టిపారెయ్యొద్దు. మీరు పంపిన పేజీలు చదివాక ఆవిడ కోపంలో సగం న్యాయం ఉందనిపించింది, ఆ సగమే మీ నవలకి ఇప్పుడు కావాల్సిన సలహా కూడా.

మీ పేజీల్లో రెండు రకాల నవ్వు ఉంది. మావయ్యగారి మీసానికి వేసుకునే రంగు, గ్లాసులో మిగిలిపోయిన కట్టుడు పళ్ళు, బతికున్నప్పుడు ఆయన తప్పు పలికే ఇంగ్లీషు మాటలు, ఇవన్నీ ఒక రకం. జనరేటర్ ఇంకో రకం. మొదటి రకంలో మనం నవ్వేది తిరిగి ఒక్క మాట కూడా అనలేని మనిషిని చూసి. ఆ మనిషికి చెల్లెలైన ఆవిడ ఆ పేజీ చదివి తట్టుకోవాలని అడగడం అన్యాయం, పైగా ఆ నవ్వు ఏ ముసలాయన మీదైనా ఎవరైనా నవ్వగలిగేదే కాబట్టి అది పోతే మీ పుస్తకానికి లోటేమీ లేదు. ఆ పేజీలు తీసెయ్యండి. జనరేటర్ దగ్గరికి వస్తే అక్కడ ఆయన్ని చూసి ఎవరూ నవ్వడం లేదు, నవ్వలేరు కూడా.

ఎందుకంటే ఆ వాకిట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. చెరువు ముందు చూసుకుందాం అన్న అల్లుడుగారు దురాశపరుడు కాదు. మీరే రాశారు, చెరువు లీజుది, మేత అరువు మీద తెచ్చింది, రొయ్య పట్టి అమ్మడానికి ఇంకో పది రోజులే ఉంది, ఆ రొయ్య పోతే ఆ అప్పు ఈ చావింట్లోనే మిగులుతుంది, మీ అత్తయ్యే తీర్చాలి. బాక్స్ ముందు అన్న మీ అత్తయ్యదీ నూటికి నూరుపాళ్ళు న్యాయమే, కొడుకు విమానంలో ఉన్నాడు, తండ్రి ముఖం చూడకుండా ఎలా. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, జనరేటర్ మాత్రం ఒక్కటే. ఈ పరిస్థితి తెచ్చిందెవరు అని అడిగితే ఒక్క పేరు చెప్పలేం. వరి వేస్తే గిట్టడం లేదని పొలం చెరువైంది, పిల్లలు చదువుకుని వెళ్ళిపోయారు, వాళ్ళు వచ్చేదాకా శవాన్ని ఉంచే పెట్టె ఊరికొచ్చింది, గాలి వేస్తే పోయే కరెంటు మాత్రం అలాగే ఉంది. ఇన్ని ఏర్పాట్లు ఎవరి లెక్కన వాళ్ళకి సబబే, అన్నీ ఒక రాత్రి ఒక ఇంటి ముందు కలిశాయి. మీకు నవ్వొచ్చింది దాన్ని చూసి. ఆ నవ్వు తప్పు కాదు. అది ఏడుపుకి వ్యతిరేకం కూడా కాదు, ఆ రాత్రి మీకు రెండూ ఒకేసారి వచ్చాయని మీరే రాశారు కదా.

చావులోనూ బాధలోనూ నవ్వు చూసే మంచి చీకటి హాస్య నవలలన్నీ నవ్వుని మనిషిని ఇరికించిన ఏర్పాటు మీదే పెడతాయి, ఇరుక్కున్న మనిషిని మాత్రం మనకి దగ్గర చేస్తాయి. ఈ సంగతి నేర్చుకోవడానికి నేను ముందుగా చెప్పేది హిందీలో శ్రీలాల్ శుక్లా రాసిన రాగ్ దర్బారీ. 1968లో వచ్చింది, మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. రాసినాయన ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారి, ఆఫీసు కాగితం ఎలా కదులుతుందో ఆయనకి లోపల్నుంచి తెలుసు. శివపాల్‌గంజ్ అనే పల్లెటూరి కథ అది. అందులో లంగడ్ అని ఒక పాత్ర ఉంటుంది. తహసీల్ ఆఫీసులో ఒక కాగితం నకలు కావాలి అతనికి. లంచం ఇవ్వనని అతను ఒట్టు పెట్టుకున్నాడు, నిబంధన ప్రకారమే ఇస్తానని గుమాస్తా పంతం పట్టాడు. ఇద్దరూ నియమం తప్పని మనుషులే. దరఖాస్తులో ఏదో ఒక లోపం, మళ్ళీ మొదటికి, మళ్ళీ ఇంకో లోపం. తనది ధర్మం కోసం పోరాటం అంటాడు లంగడ్, నవల అయిపోయేదాకా తిరుగుతూనే ఉంటాడు, నకలు మాత్రం చేతికి రాదు. అతను ఎదురుపడ్డ ప్రతిసారీ నవ్వొస్తుంది, ఆ నవ్వు ఒక్కసారి కూడా అతని మీద పడదు. మీ మావయ్యగారిని లంగడ్ నిలబడ్డ చోట నిలబెట్టి చూడండి.

బ్యాంకు ఫోన్ సంగతి మీరు అర పేజీలో చెప్పేసి డ్రోన్ దగ్గరికి వెళ్ళిపోయారు. నా దృష్టిలో డ్రోన్ కంటే బ్యాంకు వెయ్యి రెట్లు విలువైన సరుకు. మనిషి పోయినా కాగితంలో బతికే ఉంటాడు, బతికున్నవాడు కాగితంలో పోతాడు. గొగోల్ 1842లో అచ్చేసిన మృత జీవులు మొత్తం దీని మీదే నడుస్తుంది. అప్పటి రష్యాలో భూస్వాములు తమ కింద ఉన్న బానిస రైతుల లెక్కన తలపన్ను కట్టాలి, ఒక జనాభా లెక్కకీ ఇంకో లెక్కకీ మధ్య ఎవరైనా చనిపోయినా మళ్ళీ లెక్కలు తీసేదాకా వాళ్ళు కాగితంలో బతికే ఉంటారు, వాళ్ళ పన్నూ కడుతూనే ఉండాలి. చిచికోవ్ అనేవాడు ఊరూరా తిరిగి అలా చచ్చిపోయినవాళ్ళని చవగ్గా కొంటాడు, కాగితం మీద తనకి అంతమంది మనుషులున్నారని చూపించి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవాలని. ఒక ముసలావిడ అమ్మడానికి ఒప్పుకుంటుంది గానీ ఆ తర్వాత ఆవిడకి నిద్ర పట్టదు. చచ్చినవాళ్ళు బయట ఏ రేటు పలుకుతున్నారో, తక్కువకి ఇచ్చి మోసపోయానేమో అని పట్నం వెళ్ళి వాకబు చేస్తుంది. ఆ ముసలావిడ మన డెల్టాలో ఏ ఊళ్ళోనైనా ఉంటుంది, రొయ్యల రేటు అడిగినట్టే అడుగుతుంది.

కథల్లోనే అనుకోకండి. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లా లాల్ బిహారీ అనే రైతుని బతికుండగానే 1970ల్లో రెవెన్యూ రికార్డుల్లో చనిపోయినట్టు ఎక్కించారు, ఆయన భూమి బంధువుల పేరు మీదకి పోయింది. తను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి ఆయన పడని పాట్లు లేవు, 1989లో రాజీవ్ గాంధీ మీద ఎన్నికల్లో పోటీ చేశాడు, తనలాంటి వాళ్ళతో మృతక్ సంఘ్ అని ఒక సంఘమే పెట్టాడు, చివరికి 1994లో గానీ రికార్డు సరికాలేదు. మీ కథకి ఇదంతా అక్కర్లేదు, కానీ ఇది చదివాక మీ మావయ్యగారి కాగితాలు ఏమయ్యాయో మొదట్నుంచీ కనుక్కుని రాయాలని మీకే అనిపిస్తుంది. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు దాకా వెళ్ళాలి. ఈ 21 రోజుల్లోనే చిన్న దినం, పెద్దకార్యం, బంతి భోజనాలు, పెద్దకొడుకు తిరుగు ప్రయాణం అన్నీ ఉన్నాయి. పురోహితుడి లెక్క ఒకటి, గ్రామ సచివాలయం లెక్క ఒకటి, విమానం టికెట్ లెక్క ఒకటి. ఈ మూడు లెక్కల మధ్య మీ అత్తయ్యని నడిపించండి. సచివాలయంలో ఏ కాగితం అడిగారు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి ఎవరెవరి ఆధార్ కావాలన్నారు, అమెరికా కొడుకు పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉందా, వేలిముద్ర పడక ఆయన బతికున్నప్పుడే ఎన్నిసార్లు వెనక్కి పంపారు (మట్టిలో, నీళ్ళలో, సున్నంలో పనిచేసిన చేతులకి వేలి గీతలు అరిగిపోతాయి, మిషన్ పట్టదు), ఇవన్నీ అడిగి రాసుకోండి. బతికున్నంతకాలం ఆయన వేలిని గుర్తుపట్టని మిషనే ఇప్పుడు అదే వేలు కావాలంటోంది. దీని మీద మీరు ఒక్క మాట వ్యాఖ్య చేయక్కర్లేదు, ఉన్నదున్నట్టు వరసలో పెడితే చాలు.

ఆ వ్యాఖ్యల గురించి కాస్త గట్టిగానే చెబుతాను. మీ పేజీల్లో ఏం జరిగినా దాని కింద "ఎంత విచిత్రం", "కలికాలం అంటే ఇదే", "నవ్వాలో ఏడవాలో తెలియదు" అని ఒక వాక్యం ఉంటోంది. అన్నీ కొట్టేయండి. ఈ రకం నవలలో చెప్పే గొంతు అసలు నవ్వకూడదు. లోకంలో ఇది మామూలే అన్నట్టు, జనరేటర్ ఎన్ని కిలోవాట్లో, డీజిల్ ఎన్ని లీటర్లు మిగిలిందో, ట్రాక్టర్ ఎవరు నడపాలో, అంత కచ్చితంగా చెప్పుకుంటూ పోవాలి. మీరు లెక్క ఎంత శ్రద్ధగా చెబితే పాఠకుడికి గుండెల్లో అంత కలుక్కుమంటుంది. కాఫ్కా విచారణ నవల మొదటి అధ్యాయం మిత్రులకి చదివి వినిపిస్తుంటే వాళ్ళు ఆపుకోలేక నవ్వారని, ఆయన కూడా నవ్వుతో కాసేపు చదవలేకపోయాడని ఆయన స్నేహితుడు మాక్స్ బ్రోద్ రాశాడు. ఒక మనిషిని పొద్దున్నే ఏ నేరమో చెప్పకుండా అరెస్టు చేసే అధ్యాయం అది. కాఫ్కా అంటే దిగులు మాత్రమే అని భయపడి దూరంగా పెట్టిన వాళ్ళు ఈ సంగతి తెలుసుకుని మళ్ళీ చదవాలని నాకు చాలా కోరిక. ఆ అధ్యాయంలో జోకు ఒక్కటీ ఉండదు, అధికారులు ఎంతో మర్యాదగా, పద్ధతిగా నడుచుకుంటారు, నవ్వు అక్కణ్ణుంచే వస్తుంది.

ఇక చప్పబడిపోవడం. ఇది మీ ఒక్కరికే కాదు, హాస్యంగా మొదలైన పెద్ద కథలన్నిటికీ వచ్చే జబ్బు. వింత తర్వాత వింత, దాని తర్వాత ఇంకో వింత, అన్నీ ఒకే బరువుతో ఉంటే పాఠకుడు పాతికో పేజీకి అలవాటు పడిపోతాడు. మీరు జనరేటర్ రాత్రిని 12వ పేజీలో మొదలుపెట్టి 15వ పేజీలో పూర్తిగా ఖర్చుపెట్టేశారు. తర్వాత డ్రోన్, వాట్సాప్, కేటరింగ్ వాళ్ళ ఫోన్లు వస్తున్నాయి గానీ ఏదీ దానంత ఎత్తుకి వెళ్ళడం లేదు.

జోసెఫ్ హెల్లర్ 1961లో రాసిన క్యాచ్-22 చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో ఎగిరే సైనికుల కథ, హెల్లర్ స్వయంగా ఆ పని చేసి వచ్చినవాడు. పిచ్చి ఉన్నవాడిని విమానం ఎక్కకుండా ఆపేయొచ్చు, కానీ ఆపమని వాడే అడగాలి, ప్రాణభయంతో అడిగాడంటే వాడికి బుద్ధి సరిగ్గా ఉన్నట్టే, కాబట్టి ఎక్కాల్సిందే. ఈ నిబంధన సంగతి అందరికీ తెలుసు. నేను చూడమంటున్నది అది కాదు. స్నోడెన్ అనే కుర్రాడు విమానంలో గాయపడి చనిపోయిన సంఘటన ఆ నవలలో చాలాసార్లు వస్తుంది. మొదట్లో ఒక ముక్క, ఇంకెక్కడో ఇంకో ముక్క, ప్రతిసారీ కాస్త ఎక్కువ తెలుస్తుంది, చివర్లో గానీ అసలేం జరిగిందో మొత్తం చూపించడు. అప్పటిదాకా మనం నవ్విన ప్రతి పేజీ ఆ ఒక్క దృశ్యం తర్వాత వేరే రంగులో కనిపిస్తుంది. మీరు జనరేటర్ రాత్రిని అలా విడగొట్టండి. మొదటి అధ్యాయంలో వాకిట్లో గుసగుస మాత్రమే వినిపించాలి, దేని గురించో తెలియకూడదు. లైవ్ వీడియోలో వెనకాల ట్రాక్టర్ మీద జనరేటర్ ఒక్క క్షణం కనిపించాలి, డల్లాస్‌లోనో ఇంకెక్కడో కూర్చున్న వాళ్ళు అదేంటని గ్రూపులో అడగాలి, ఎవరూ జవాబు చెప్పకూడదు. బ్యాంకు అప్పు లెక్క వచ్చినప్పుడు చెరువు సంగతి తెలియాలి. చివరికి ఏం నిర్ణయించారో, ఎవరు నిర్ణయించారో, అది పుస్తకం చివరి భాగానికి ఉంచండి. మీ ఉత్తరంలో కూడా ఏం నిర్ణయించారో మీరు రాయలేదు, గమనించారా? నాకు అప్పట్నుంచీ అదే ఆలోచన. పాఠకుడికీ అలాగే ఉండాలి.

తెలుగులో చదవాల్సినవి అంటే, మన వైపు నుంచి మొదలుపెడదాం. గోదావరి జిల్లాలకి హాస్యం కొత్త కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి గణపతి ఉంది, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టర్ పార్వతీశం ఉంది. మొగల్తూరు నుంచి బయల్దేరి ఓడెక్కి బారిస్టరు చదవడానికి సీమకి, అంటే ఇంగ్లండుకి, వెళ్ళిన కుర్రాడి కథ, సుమారు నూరేళ్ళ కిందటిది. ఊరు వదిలి కొత్త లోకంలో పడ్డ మనిషి కంగారుని చూసి మనం నవ్వుతాం, ఆ నవ్వులో విషం లేదు. మీ నవల దానికి తిరగబడ్డ కథ, ఇక్కడ కొత్త లోకమే మొగల్తూరు దాకా నడిచి వచ్చింది, అమెరికా కొడుకు సొంత ఇంట్లో ఏ గది ఎక్కడో తెలియక తిరుగుతున్నాడు. ఆ రెండూ చదవండి, భాష కోసం, మనుషుల మీద ప్రేమ కోసం. చీకటి మాత్రం వాటిలో దొరకదు. దానికి ఉత్తరాంధ్ర వెళ్ళాలి. విశాఖ లాయరు రావిశాస్త్రిగారి ఆరు సారా కథలు చదవండి, మద్యనిషేధం చట్టం చుట్టూ పోలీసులు, లాయర్లు, సాక్షులు అందరూ ఎలా బతికారో, చివరికి శిక్ష ఎవరికి పడిందో ఆయన రాసినట్టు ఇంకెవరూ రాయలేదు. ఆ తర్వాత కె.ఎన్.వై. పతంజలిగారు. జర్నలిస్టు, 2009లో పోయారు. గోపాత్రుడులో భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్న వాదన మీద అలమండ ఊరు ఊరంతా కొట్టుకుంటుంది, పిలక తిరుగుడు పువ్వులో అదే గొడవ కోర్టుకెక్కుతుంది. వాదించే ప్రతివాడి మాటా పద్ధతిగానే ఉంటుంది, ఆ పద్ధతే భయపెడుతుంది. మీ వాకిట్లో చర్చ రాయబోయే ముందు ఈ రెండూ తప్పకుండా చదవండి.

మన డెల్టా గురించి నాకు ఒక బాధ ఉంది, ఇక్కడ చెప్పేస్తాను. గోదావరి అంటే కొబ్బరి చెట్లు, పడవలు, పూతరేకులు, నోటికొచ్చిన వెటకారం, ఇంతే అన్నట్టు అయిపోయింది రాతల్లో. వెటకారం మాట్లాడటానికి బావుంటుంది, రెండు వాక్యాల్లో ఎదుటివాడి నోరు మూయిస్తుంది, కానీ దాని మీద 200 పేజీల నవల నిలబడదు, ఎందుకంటే వెటకారం చేసేవాడు ఎప్పుడూ గట్టు మీదే ఉంటాడు, నీళ్ళలో దిగడు. మీరు రాయాల్సింది దిగి ఉన్న వాళ్ళ గురించి. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక నీళ్ళకి కొదవలేని ప్రాంతమైంది మనది, ఇవాళ మీ వైపు ఎన్నో ఊళ్ళలో చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి, వేసవిలో కాలువలు కట్టేసేలోపు ఊరి చెరువు నింపుకోకపోతే వాడుకకి కూడా కటకటే. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చి వరి చేలు చెరువులయ్యాయి, డబ్బొచ్చింది, కాదనను, ఎన్నో ఇళ్ళు లేచాయి. కానీ ఆ డబ్బుకి తాళం ఎక్కడుంది? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేస్తామంటే ఆ మాటకి ఇక్కడ గట్టు మీద రైతు చేతిలోని రేటు పడిపోయింది. కొడుకు వెళ్ళింది ఆ దేశమే, రొయ్య వెళ్ళేదీ ఆ దేశమే. కొడుక్కి తండ్రి చావుకి సెలవు దొరకడం కష్టం, రొయ్యకి అప్పుడు అక్కడ దిగడం కష్టమైంది. ఇది మీ నవలకి వెన్నెముక అవుతుందని నాకనిపిస్తోంది, ఎక్కడా పైకి చెప్పకుండా వాడుకోండి. సంక్రాంతి కోడిపందేలు కూడా రాస్తానన్నారు, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, నిషేధం బ్యానర్లు, ఆ పక్కనే ఫ్లడ్ లైట్లు, బరులు. అది ఈ పుస్తకంలో వద్దు. చావింటి కథ లోపలికి దాన్ని లాక్కొస్తే వింతల జాబితా అవుతుంది. వేరే పుస్తకానికి దాచుకోండి.

ఊళ్ళో గుర్తుపట్టడం గురించి. గుర్తుపడతారు, తప్పదు, మీ ఊళ్ళో ఆ రాత్రి జనరేటర్ సంగతి అందరికీ తెలుసు కాబట్టి. అయినా చేయగలిగినవి ఉన్నాయి. ఊరు మార్చండి, కాలువ మార్చండి, అల్లుడినీ తోడల్లుడినీ కలిపి ఒకే మనిషిని చేయండి, ఇద్దరు కూతుళ్ళుంటే ఒక్కతినే ఉంచండి, అప్పు అంకెలు మీవే కల్పించండి. బ్యాంకు పేరు, మేత కంపెనీ పేరు, స్టూడియో పేరు ఏదీ అసలుది వద్దు. చట్టం వైపు ఒక్క విషయం తెలుసుకోవాలి, చనిపోయినవాళ్ళ గురించి ఏం రాసినా పరువునష్టం రాదని చాలామంది అనుకుంటారు, అది పూర్తిగా నిజం కాదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 499లో ఉన్నట్టే, ఒక వివరణ ఉంది, బతికుంటే ఆ మనిషి పరువు తీసేదై, కుటుంబం వాళ్ళ మనసు నొప్పించాలన్న ఉద్దేశంతో చేసిన ఆరోపణ అయితే అది కూడా పరువునష్టం కావొచ్చు. మీ ఉద్దేశం అది కాదు, మీ పేజీలు చూస్తే తెలుస్తోంది, అచ్చుకి ఇచ్చే ముందు మాత్రం తెలిసిన లాయరుకి ఒకసారి చూపించండి.

అమ్మగారి దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. ఆవిడని ఒప్పించడానికి వాదించకండి, పుస్తకాల పేర్లు చెప్పకండి. పెద్దకార్యం రోజు సాయంత్రం బంతులన్నీ అయిపోయాక పందిట్లో చుట్టాలు పోయినాయన సంగతులు చెప్పుకుని ఎలా నవ్వుకుంటారో మీరు చూసే ఉంటారు, ఆ నవ్వుని ఏ ఇంట్లోనూ ఎవరూ తప్పుపట్టరు, మనిషిని బాగా ఎరిగినవాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి. మీ 40 పేజీల్లో మావయ్యగారు ఫ్రీజర్ బాక్స్‌లో తప్ప ఎక్కడా లేరు. ఆయన ఎలాంటివాడో నాకు తెలియలేదు, మీసం రంగు తప్ప. అమ్మని కూర్చోబెట్టి అన్నయ్య గురించి చెప్పమనండి, చిన్నప్పుడు ఏం చేసేవాడు, వరి మానేసి చెరువు తవ్వించిన రోజు ఇంట్లో ఏం గొడవైంది, కొడుకుని విమానం ఎక్కించి వచ్చిన రాత్రి ఏం మాట్లాడాడు. ఆవిడ చెప్పేవాటిలో మీరు కల్పించలేనంత నవ్వూ ఉంటుంది, దుఃఖమూ ఉంటుంది. అవి పుస్తకంలోకి వస్తే బాక్స్‌లో ఉన్నది ఎవరో పాఠకుడికి తెలుస్తుంది, అప్పుడు జనరేటర్ చర్చలో ఒక్కో మాటకీ బరువు వస్తుంది. కొన్ని సంగతులు రాయొద్దని ఆవిడ అంటే రాయకండి. జనరేటర్ మాత్రం వదలకండి, ఆవిడ వద్దన్నా సరే నెమ్మదిగా అడుగుతూ ఉండండి.

పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. ఆ 40 పేజీలు పక్కన పెట్టి, చెరువు కాపలా మకాంలో పడుకునే కుర్రాడి వైపు నుంచి ఆ రాత్రి రాయండి. మీ పేజీల్లో అతను ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయాడు, "శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు" అని. ఏ టైముకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందో, రొయ్య ఎప్పుడు పైకి తేలుతుందో, జనరేటర్ తీసుకెళ్తే ఎంతసేపు ఓర్చుకుంటుందో ఆ ఊళ్ళో అందరికంటే అతనికే బాగా తెలుసు, వాకిట్లో చర్చకి మాత్రం అతన్ని ఎవరూ పిలవలేదు. రెండు నెలల జీతం మావయ్యగారి దగ్గరే ఉండిపోయింది, అది ఎవరిస్తారో అడగడానికి ఆ రాత్రి నోరు రాదు. ఏరేటర్ల గురించి, మేత టైముల గురించి అతన్నో, అలాంటి ఇంకొకర్నో కలిసి శ్రద్ధగా తెలుసుకుని ఆ అధ్యాయం పూర్తిచేసి పంపండి, ఎంత పెద్దదైనా సరే చదువుతాను.